కఠినమైన బడిలో బీ, తేలికైన బడిలో ఏ: కాలేజీలు ఈ తేడాను నిజంగా గుర్తిస్తాయా?

ఎడిసన్_నాన్న
మా అమ్మాయి న్యూజెర్సీలో, ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న ఒక కౌంటీ మాగ్నెట్ స్కూల్లో పదో తరగతి చదువుతోంది. ఎనిమిదో తరగతి వరకు ఏ తప్ప మరో అక్షరం ఎరుగని పిల్లకు ఈసారి రిపోర్టు కార్డులో ఫిజిక్స్‌లో బీ, ఇంగ్లీషులో బీ ప్లస్ వచ్చాయి. రాత్రి పన్నెండున్నర దాకా ల్యాబ్ రిపోర్టు రాస్తూ కూర్చునే పిల్లను బద్ధకస్తురాలని అనలేను. మా బావమరిది కొడుకు పక్క టౌన్‌షిప్‌లో మామూలు హైస్కూల్లో అదే తరగతి చదువుతున్నాడు, వాడికి అన్నీ ఏ ప్లస్‌లే. వాడి వెయిటెడ్ జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 4.6 అని సంక్రాంతి భోజనాల దగ్గర మా అత్తగారు అరిసెల పళ్లెం అందిస్తూ ప్రకటించారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే చర్చ. పదకొండో తరగతికి పిల్లను మా టౌన్ స్కూల్‌కు మార్చేద్దామని మా ఆవిడ పట్టుబడుతోంది. కష్టమైన బడిలో వచ్చిన బీ విలువ ఎంతో కాలేజీలకు తెలుస్తుందని స్కూల్ వాళ్లు అంటున్నారు. ఎలా తెలుస్తుందో, ఎంత తెలుస్తుందో ఎవరూ చెప్పడం లేదు. వచ్చే ఏడాది కోర్సుల ఎంపిక పత్రం ఈ నెలాఖరుకు ఇవ్వాలి.

కావేరి_ఫ్రీమాంట్
ఏ కాలేజీలకు అన్నది చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. మా కాలిఫోర్నియాలో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వాళ్లు స్కూల్ వేసిన జీపీఏను పక్కన పెట్టి సొంతంగా లెక్క కడతారు. పది, పదకొండు తరగతుల గ్రేడ్లే ఆ లెక్కలోకి వస్తాయి. ప్లస్, మైనస్ అన్నవి ఉండవు, కాబట్టి మీ అమ్మాయి బీ ప్లస్ అక్కడ బీయే, ఏ మైనస్ మాత్రం నిండు ఏ. కష్టమైన కోర్సులకు అదనపు పాయింటు ఇస్తారు కానీ దానికి 8 సెమిస్టర్ల పరిమితి ఉంది. మీలా ఇతర రాష్ట్రాల వారికైతే స్కూల్ తనంతట తాను ఆనర్స్ అని పేరు పెట్టుకున్న కోర్సుకు ఆ పాయింటు కూడా రాదు, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), ఐబీ వంటి కాలేజీ స్థాయి కోర్సులకే వస్తుంది. పైగా 2020లో యూసీ పాలకమండలి రీజెంట్లు తీర్మానించిన తరువాత శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరును ప్రవేశానికి చూడటమే మానేశారు. అంటే మిగిలింది గ్రేడ్లు, వ్యాసాలు, కార్యకలాపాలు. ఇక స్కూల్‌లో పై 9 శాతంలో ఉన్న కాలిఫోర్నియా పిల్లలకు యూసీలో ఎక్కడో ఒకచోట సీటుకు హామీ ఉంటుంది. ఆ 9 శాతం ఎవరి స్కూల్లో వారికే కాబట్టి, పోటీ ఎక్కువ ఉన్న బడిలో అందులోకి రావడం కష్టం.

ఫ్రిస్కో_వాసి
టెక్సాస్ సంగతి నేను చెబుతాను, దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి. ఇక్కడ 1997లో చేసిన చట్టం ప్రకారం హైస్కూల్ తరగతిలో పై 10 శాతంలో ఉంటే రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం దానంతటదే వస్తుంది. అందరూ టెక్సాస్ విశ్వవిద్యాలయం ఉన్న ఆస్టిన్‌కే ఎగబడటంతో 2009లో సవరణ తెచ్చి, ఆ విశ్వవిద్యాలయానికి మాత్రం ఈ దారిలో నింపాల్సిన సీట్లను రాష్ట్ర విద్యార్థుల సీట్లలో 75 శాతానికి పరిమితం చేశారు. దాంతో కటాఫ్ 6 శాతానికి వచ్చింది, 2026 ఫాల్ నుంచి 5 శాతం. ఈ లెక్కలో బడి ఎంత కఠినమో అడిగే గడే లేదు. మా వాడి తరగతిలో వెయ్యికి పైగా పిల్లలు, సగం మంది మనవాళ్లు, చైనా వాళ్లు. వాడు శాట్‌లో 1600కి 1540 తెచ్చుకొని కూడా 8 శాతం దగ్గర ఆగిపోయాడు. రెండు గంటల దూరంలో చిన్న ఊళ్లో ఉండి ఉంటే వాడే మొదటి ర్యాంకు వాడు.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారో ఏడుస్తారో తెలియదు. మా డిస్ట్రిక్ట్‌లో ర్యాంకును వెయిటెడ్ జీపీఏతో కడతారు. ఆర్కెస్ట్రాకు మామూలు వెయిటే కాబట్టి, అందులో ఏ వచ్చినా సగటు కిందికి దిగుతుంది. ఆరో తరగతి నుంచి వయొలిన్ వాయించిన పిల్లవాడు పదకొండో తరగతిలో ఆర్కెస్ట్రా మానేసి ఏపీ ఎన్విరాన్‌మెంటల్ సైన్సు తీసుకున్నాడు. వయొలిన్ పెట్టె ఇప్పటికీ గరాజ్‌లో బియ్యం బస్తాల వెనక ఉంది.

ఆముదం_చెట్టు
చెట్టు లేని ఊళ్లో నేనే మహావృక్షం అన్న సామెతను టెక్సాస్ వాళ్లు ఏకంగా చట్టంగా చేశారన్నమాట. నా పేరు సార్థకమైంది.

పాత_లెక్కల_మాస్టారు
నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకొక సందేహం తీర్చండి. గరిష్ఠం 4 అయినప్పుడు 4.6 ఎలా వస్తుంది? వందకు నూట పదిహేను మార్కులు వేసిన ఎగ్జామినర్‌ను మా రోజుల్లో సస్పెండ్ చేసేవారు.

కావేరి_ఫ్రీమాంట్
మాస్టారూ, మామూలు కోర్సులో ఏకు 4 పాయింట్లు, ఏపీ కోర్సులో ఏకు చాలా స్కూళ్లలో 5 పాయింట్లు ఇస్తారు. కొన్నిచోట్ల అర పాయింటే కలుపుతారు, కొన్నిచోట్ల ఏమీ కలపరు. అందుకే ఒక స్కూల్ 4.6ను ఇంకో స్కూల్ 4.6తో పోల్చడం అడ్డపావును గజంకట్టెతో కొలవడం లాంటిది. చాలా కాలేజీలు ఆ వెయిటును తీసేసి, పీఈ, ఆరోగ్య విద్య లాంటివి వదిలేసి, ప్రధాన సబ్జెక్టుల గ్రేడ్లను మాత్రమే తమ పద్ధతిలో మళ్లీ లెక్క వేసుకుంటాయి.

టెనాలి_టు_టాంపా
మనవడు ఆరు ఏపీలు తీసుకున్నాడని ఫోన్లో చెబితే మా అమ్మ, "అన్నీ ఏపీయేనా, ఒక్కటైనా తెలంగాణ తీసుకోకూడదా" అని అడిగింది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అంటే ఏమిటో వివరించే ఓపిక లేక, వచ్చే ఏడాది తీసుకుంటాడని చెప్పాను.

దరఖాస్తుల_అక్క
ఎడిసన్_నాన్న గారూ, నేను తూర్పు తీరంలోని ఒక విశ్వవిద్యాలయంలో మూడు సీజన్లపాటు దరఖాస్తులు చదివే తాత్కాలిక ఉద్యోగం చేశాను. లోపల ఏం జరుగుతుందో నేను చూసినంతవరకు చెబుతాను.

ట్రాన్స్‌క్రిప్ట్ అనే గ్రేడ్ల పత్రం ఒంటరిగా రాదు. దానితో పాటు కౌన్సెలర్ స్కూల్ ప్రొఫైల్ అనే ఒకటి రెండు పేజీల పత్రం పంపుతారు. ఆ స్కూల్లో ఎన్ని ఏపీ కోర్సులు ఉన్నాయి, ఏ తరగతి నుంచి తీసుకోనిస్తారు, ఏ గ్రేడుకు ఎన్ని మార్కులు, వెయిటు ఎంత, ర్యాంకు ఇస్తారా లేదా, శాట్ సగటు ఎంత అన్నవి అందులో ఉంటాయి. కొన్ని స్కూళ్లు ఏ కోర్సులో ఎందరికి ఏ, ఎందరికి బీ వచ్చిందో కూడా పట్టికగా ఇస్తాయి. దరఖాస్తు తెరిచాక నేను విద్యార్థి వ్యాసం కంటే ముందు చూసేది ఆ పత్రాన్నే. ఇది కాక చాలా కాలేజీలు తీసుకునే ఉమ్మడి దరఖాస్తు కామన్ యాప్‌లో కౌన్సెలర్‌కు ఒక ప్రశ్న ఉంటుంది: మీ స్కూల్లో కాలేజీకి సిద్ధమయ్యే మిగతా పిల్లలతో పోలిస్తే ఈ విద్యార్థి ఎంచుకున్న కోర్సులు ఎంత కఠినమైనవి అని. ఐదు గడుల్లో ఒకటి టిక్ పెట్టాలి. అన్నిటికంటే పై గడిలో టిక్ పడిందా లేదా అన్నది పోటీ ఎక్కువ ఉన్న కాలేజీలలో చాలా ముఖ్యం.

ఒక స్కూల్ నుంచి వచ్చిన ఫైళ్లన్నీ మాలో ఒక్కరికే, వరుసగా వచ్చేవి. అందువల్ల పోలిక మొదట అదే స్కూల్ పిల్లల మధ్య జరుగుతుంది. ఒక సాయంత్రం నా ముందు రెండు ఫైళ్లు ఉన్నాయి. మొదటి అబ్బాయి స్కూల్లో 24 ఏపీలు ఉంటే మూడు తీసుకొని మూడింటిలోనూ ఏ తెచ్చుకున్నాడు. రెండో అమ్మాయి స్కూల్లో ఉన్నవే నాలుగు ఏపీలు, నాలుగూ తీసుకొని ఒకదానిలో బీ తెచ్చుకుంది. జీపీఏ చూస్తే అబ్బాయిదే ఎక్కువ, చదువు విషయంలో మేము పై రేటింగు ఇచ్చింది అమ్మాయికి.

ఎడిసన్_నాన్న
అక్కా, ఈ ప్రొఫైల్ సంగతి మాకు స్కూల్ వాళ్లు ఎప్పుడూ చెప్పలేదు. తల్లిదండ్రులకు ఇస్తారా?

దరఖాస్తుల_అక్క
చాలా స్కూళ్లు వెబ్‌సైట్‌లో కౌన్సెలింగ్ పేజీలోనే పెడతాయి. లేకపోతే అడగండి, రహస్య పత్రమేమీ కాదు.

శాస్త్రి_చికాగో
అక్క గారు చెప్పిన పద్ధతి ఉన్నమాట నిజమే కానీ, అది తేడాను పూర్తిగా సరిదిద్దుతుందన్న భరోసా నాకు లేదు. 2013లో ప్లాస్ వన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ప్రవేశాల విభాగాల్లో పనిచేసే నిపుణులకే కల్పిత దరఖాస్తులు ఇచ్చి, ఒక్కొక్కరి గ్రేడు పక్కన వారు చదివిన సంస్థ సగటు గ్రేడు ఎంతో కూడా రాసి చూపించారు. అంత స్పష్టంగా కళ్లముందు ఉన్నా, ఉదారంగా మార్కులు వేసే సంస్థ నుంచి వచ్చినవారినే వారు ఎక్కువగా ఎంచుకున్నారు. మనిషి కంటికి 3.9 అంకె పెద్దగా కనబడుతుంది, దాని పక్కన ఉన్న వివరణ చిన్నగా కనబడుతుంది. 2005లో సోషియాలజీ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో వచ్చిన మరో పరిశోధన, పోటీ ఎక్కువ ఉన్న విశ్వవిద్యాలయాల దరఖాస్తులను చూసి, ఒకే స్థాయి విద్యార్థులలో మెరికల మధ్య చదివినవారికి ప్రవేశ అవకాశం కొంత తగ్గుతోందని తేల్చింది.

దరఖాస్తుల_అక్క
మొదటి అధ్యయనం డిగ్రీ అయినవారిని ఎంబీఏ వంటి పై చదువులకు తీసుకోవడం గురించినది, హైస్కూల్ గురించి కాదు. రెండోదానితో నాకు పేచీ లేదు. ఒకే స్కూల్ నుంచి నలభై మంది ఒకే కాలేజీకి పెట్టుకుంటే, నలభై మందీ బాగున్నా నలభై మందినీ తీసుకునే కాలేజీ లేదు. నేను చెప్పింది బీని బీగానే చదవరు అని మాత్రమే. బీ వల్ల నష్టమే లేదని నేను అనలేదు. కష్టమైన కోర్సులో బీ మంచిదా, తేలిక కోర్సులో ఏ మంచిదా అని సభల్లో తల్లిదండ్రులు అడిగితే, కష్టమైన కోర్సులో ఏ మంచిదని మా ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పేవారు. అందరూ నవ్వేవారు కానీ ఆయన హాస్యానికి అనలేదు.

వర్జీనియా_వాణి
మా పెద్దవాడిది ఇలాంటి పరీక్ష బడే, చిన్నదానిది మామూలు బడి. పెద్దవాడు 3.7తో, చిన్నది 4.0తో, మూడేళ్ల తేడాతో, రాష్ట్రంలోని ఒకే విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఇద్దరూ అక్కడికే చేరేటప్పుడు అన్న ఎందుకు అంత కష్టపడ్డాడని చిన్నది అడుగుతుంది. మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ మిడ్‌టర్మ్ పేపరు వచ్చిన రోజు మాత్రం అడగలేదు, అన్నకే ఫోన్ చేసింది.

ఫ్రిస్కో_వాసి
వాణి గారూ, ఇద్దరూ ఒకే చోటికి చేరారంటే, పెద్దవాడి 3.7ను వాళ్లు సరిగ్గానే చదివారన్నమాట. మాకు ఆ చదివేవాళ్లే లేరు, కంప్యూటరే గీత గీసేస్తుంది.

కావేరి_ఫ్రీమాంట్
అన్యాయమని అంటున్నారు కానీ, అదే గీత వల్ల ఎన్నడూ ఆస్టిన్ ముఖం చూడని చిన్న ఊళ్ల పిల్లలకు దారి దొరికింది. మీ వాడికి ఆస్టిన్ తలుపు మూసుకుపోలేదు, అందరిలాగా పూర్తి పరిశీలనకు వెళ్లాడు, అంతే. ఆటోమేటిక్‌గా వచ్చినవారికి కూడా కోరిన బ్రాంచి వస్తుందన్న హామీ లేదు కదా.

ఫ్రిస్కో_వాసి
ఆ పరిశీలనలో రాలేదు. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పై 10 శాతానికి ఇంకా ఆటోమేటిక్ ఉంది కాబట్టి అక్కడ చేరాడు, సంతోషంగానే ఉన్నాడు. సంతోషంగా లేనిది నేనే.

మాదాపూర్_కౌన్సెలర్
నేను హైదరాబాద్‌లో ఒక స్కూల్లో విదేశీ దరఖాస్తుల పని చూస్తాను, స్కూల్ ప్రొఫైల్ రాసేది నేనే. మీకు అక్కడ ఉన్న ఇబ్బంది మాకు ఇక్కడ తిరగబడి ఉంటుంది. ఇంటర్ బోర్డులో 1000కి 985 వచ్చిన పిల్లవాడూ, ఐఎస్‌సీలో 91 శాతం వచ్చిన పిల్లా ఒకే కాలేజీకి పెట్టుకుంటారు. రెండూ వేర్వేరు కొలతలని చెప్పడానికి, ఆ ఏడాది మా స్కూల్లో ఎంతమందికి 90 దాటిందో, ఎంతమందికి 95 దాటిందో పట్టిక వేసి పంపుతాను. పట్టిక లేని ఏడాది ఒక కాలేజీ నుంచి మెయిల్ పెట్టి మరీ అడిగారు.

బోర్డుల మధ్య ఈ తేడాను సరిచేయడానికి మన దేశంలోనూ చేయని ప్రయోగం లేదు. 2013 నుంచి 2016 వరకు జేఈఈ మెయిన్ ర్యాంకులో పన్నెండో తరగతి మార్కులకు 40 శాతం వెయిటేజీ ఇచ్చి, బోర్డుల మార్కులను పర్సంటైల్ ఆధారంగా సమం చేశారు. ఆ లెక్కను 2017 నుంచి ఎత్తేశారు. ఇప్పుడు ఎన్ఐటీలలో చేరాలంటే 75 శాతం గానీ, తమ బోర్డులో పై 20 పర్సంటైల్ గానీ ఉండాలన్న అర్హత మాత్రం మిగిలింది. ఆ రెండో మాట టెక్సాస్ సూత్రానికి దూరపు చుట్టమే.

పాత_లెక్కల_మాస్టారు
అందుకే అంటున్నాను, అందరికీ ఒకే పేపరు, ఒకే గంట, ఒకే ర్యాంకు. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉన్నన్నాళ్లూ ప్రాక్టికల్స్‌లో ముప్పైకి ముప్పై ఎలా పడేవో నాకు తెలుసు. తెలంగాణ 2023లో ఆ వెయిటేజీని తీసేసి మంచిపని చేసింది.

నిదానం_సియాటిల్
మాస్టారూ, ఒకే పేపరు పెడితే ఆ పేపరు కోసం ఆరో తరగతి నుంచి హాస్టల్లో వేసే బళ్లు పుట్టుకొస్తాయి. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు, నేను అక్కడి నుంచే వచ్చాను.

శాస్త్రి_చికాగో
మాస్టారి మాటలో సగం నిజం అమెరికాలోనూ బయటపడుతోంది. శాట్ లాంటి పరీక్ష పెట్టే ఏసీటీ సంస్థ లెక్కల ప్రకారం, తమ పరీక్ష రాసిన పిల్లల సగటు హైస్కూల్ జీపీఏ 2010లో 3.22 ఉంటే 2021కి 3.39 అయింది, పరీక్ష స్కోర్లు మాత్రం ఆ మేరకు పెరగలేదు. అందరికీ ఏ వచ్చినప్పుడు ఏకు అర్థం ఉండదు. యూసీ శాన్ డియేగోలో 2025 నవంబరులో అధ్యాపకుల కమిటీ ఇచ్చిన నివేదిక చదవండి. హైస్కూల్ స్థాయి గణితం కూడా రాని కొత్త విద్యార్థుల సంఖ్య ఐదేళ్లలో సుమారు ముప్పై రెట్లయింది. వారి కోసం పెట్టిన రెమెడియల్ కోర్సులో చేరినవారిలో నాలుగో వంతుకు పైగా హైస్కూల్ గణితంలో సగటు 4.0 ఉన్నవారే. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, యేల్, హార్వర్డ్ 2024లో పరీక్ష స్కోర్లను మళ్లీ తప్పనిసరి చేయడం ఊరికే జరగలేదు.

దరఖాస్తుల_అక్క
డార్ట్‌మత్ వాళ్లు చెప్పిన కారణం కూడా గమనించండి. స్కోరును దేశమంతటితో కాదు, ఆ విద్యార్థి చదివిన స్కూల్ సగటుతో పోల్చి చూస్తామన్నారు. సగటు 1000 ఉన్న బడిలో 1400 తెచ్చుకున్న పిల్ల వారికి కనబడాలి, స్కోరు దాచుకుంటే కనబడదు. ఎడిసన్_నాన్న గారి అమ్మాయి విషయంలో స్కోరు వేరే పని చేస్తుంది. ఫిజిక్స్‌లో బీ వచ్చి, అదే ఏడాది ఏపీ ఫిజిక్స్ పరీక్షలో గరిష్ఠ స్కోరైన 5 వస్తే, ఆ బీ ఎలాంటి బీయో ఎవరూ వివరించనక్కర లేదు.

అట్లాంటా_సుధ
అందరూ హార్వర్డ్, డార్ట్‌మత్ అంటున్నారు, డబ్బు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మా జార్జియాలో హోప్ స్కాలర్‌షిప్‌కు 3.0, జెల్ మిల్లర్ అనే మరో స్కాలర్‌షిప్‌కు 3.7 జీపీఏ కావాలి. రాష్ట్రమే సొంతంగా ప్రధాన సబ్జెక్టులతో లెక్క కట్టి, ఏపీ కోర్సుల్లో బీ, సీలకు అర పాయింటు కలుపుతుంది. కఠినమైన కోర్సుకు కలిపే ఊరట ఆ అర పాయింటే, కఠినమైన బడికి ఏమీ లేదు. అలబామా విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఫీజు తగ్గింపుకు జీపీఏ ఒక వైపు, శాట్ ఒక వైపు పట్టిక ఉంటుంది, ప్రొఫైల్ చదివి కనికరించేవారు ఆ పట్టికలో ఉండరు. అలాంటి చోట్లకు పెట్టుకునే కుటుంబానికి 3.48కీ 3.5కీ తేడా వేల డాలర్లు. కాబట్టి ఎడిసన్_నాన్న గారి శ్రీమతి భయాన్ని మరీ కొట్టిపారేయకండి.

వేసవి_వాన
నేను ఇక్కడ అందరికంటే చిన్నదాన్ని, నిరుడే హైస్కూల్ పూర్తి చేశాను, మాదీ ప్రవేశ పరీక్ష బడే. మా స్కూల్ వాడే నావియన్స్ అనే కాలేజీ దరఖాస్తుల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కాలేజీకీ ఒక గ్రాఫ్ ఉండేది. మా స్కూల్ నుంచి అంతకుముందు పెట్టుకున్నవారి జీపీఏ ఒక గీత మీద, శాట్ ఇంకో గీత మీద, వచ్చినవారు ఆకుపచ్చ, రానివారు ఎరుపు. 3.5 దగ్గర కూడా ఆకుపచ్చ చుక్కలు కనబడ్డాక నాకు నిద్ర పట్టింది. వాటిలో కొన్ని క్రీడాకారులవి కావచ్చని గ్రాఫ్ చెప్పదు, అది గుర్తుపెట్టుకోవాలి. అంకుల్ ఆ గ్రాఫ్ చూస్తే, ఇక్కడ మేమంతా ఊహిస్తున్నదాని కంటే ఎక్కువ తెలుస్తుంది. ఇంకో మాట, ఇప్పటికి ఇరవైకి పైగా పోస్టులు వచ్చాయి, అమ్మాయి ఏమంటోందో మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆముదం_చెట్టు
దొరికిపోయాం.

ఎడిసన్_నాన్న
నాలుగు రోజులు ఆలస్యమైంది, మన్నించండి. అక్క చెప్పిన ప్రొఫైల్ స్కూల్ వెబ్‌సైట్‌లోనే మూడు మెనూల కింద దొరికింది. ర్యాంకు ఇవ్వరట. నిరుడు ఆనర్స్ ఫిజిక్స్ తీసుకున్న 68 మందిలో ఏ వచ్చినది 14 మందికే అని కింద చిన్న పట్టిక ఉంది. మా ఆవిడ ఆ పట్టికను రెండుసార్లు చదివి, "ఇది మీ అమ్మకు, మా అమ్మకు కూడా ప్రింటు తీసి పంపండి" అంది. నావియన్స్ గ్రాఫ్ కూడా చూశాం. మా రాష్ట్ర విశ్వవిద్యాలయం దగ్గర పచ్చ చుక్కలు 3.4 వరకు ఉన్నాయి. మరీ పెద్ద పేర్లు ఉన్నచోట 3.9 దగ్గర కూడా ఎరుపే ఎక్కువ, అంటే అక్కడ బడి మార్చినా పెద్దగా ఒరిగేది లేదని నాకు అర్థమైంది. సుధ గారు చెప్పిన పట్టికల కాలేజీలు మా జాబితాలో రెండు ఉన్నాయి, వాటికి మాత్రం నష్టమే.

ఇక అమ్మాయిని అడిగాం. బడి మారనంది. రోబోటిక్స్ ల్యాబ్ గురించి చెబుతుందనుకున్నాను, బస్సులో పక్కన కూర్చునే స్నేహితురాలి గురించి చెప్పింది. తరువాత, అడిగారు కాబట్టి చెబుతున్నానంటూ, వచ్చే ఏడాది ఏపీ కెమిస్ట్రీ వద్దని, ఏపీ ఫిజిక్స్, కాల్క్యులస్ ఉంచుకొని ఆ పీరియడ్‌లో మట్టి పాత్రలు చేసే సిరామిక్స్ తీసుకుంటానని అంది. ఇప్పుడు కౌన్సెలర్ ఆ ఐదు గడుల్లో పై గడిలో టిక్ పెడతారా, దాని కింద గడిలో పెడతారా?

దరఖాస్తుల_అక్క
అది ఒక్కో స్కూల్లో ఒక్కోలా ఉంటుంది. కొందరు ఏపీల సంఖ్యతో గీత గీస్తారు, కొందరు మొత్తం చూస్తారు. నేరుగా కౌన్సెలర్‌నే అడగండి, ఈ ప్రశ్న వాళ్లకు కొత్త కాదు. పత్రం ఇచ్చాక కాదు, ఇవ్వకముందే అడగండి.

ఎడిసన్_నాన్న
గురువారం మూడింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అమ్మాయి తానూ వస్తానంది.

ఫ్రిస్కో_వాసి
సిరామిక్స్ తీసుకోనివ్వండి. మీ స్కూల్లో ర్యాంకు లేదు కదా.